తక్షణమే... షరతులు వర్తిస్తాయి

ఈ దేశంలో ఉప్పూ పప్పూ ధరలు పెరిగాయేమో గానీ ‘తక్షణం’ మాత్రం బాగా చవకైపోయింది. తక్షణ రుణం, తక్షణ చెల్లింపు, తక్షణ డెలివరీ, శీఘ్ర దర్శనం టికెట్టు. హోర్డింగు మీద నవ్వే సినిమా హీరో ఫోను మీద వేలు పెట్టీ పెట్టకముందే పని అయిపోతుంది. మనం వేలు పెడితే మాత్రం గుండ్రటి చక్రం ఒకటి తిరగడం మొదలెడుతుంది. దాని కింద ఒకే మాట: ‘ప్రాసెసింగ్’.

కిరాణా కొట్టులో ఆ చక్రం ముందు నిలబడ్డ ఇద్దర్ని చూడండి. ‘డబ్బులు కట్ అయిపోయాయండీ, మెసేజీ కూడా వచ్చింది’ అంటాడు కొన్నవాడు. ‘మాకు రాలేదు సార్, బాక్సు మాట్లాడలేదుగా’ అంటాడు అమ్మినవాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ ఎదుటివాడిని దొంగను చూసినట్టే చూస్తున్నారు. డబ్బు అటూ లేదు, ఇటూ లేదు, త్రిశంకు స్వర్గంలో ఉంది. దాన్ని కిందికి దింపడానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. దుకాణదారుకి యూపీఐలో కట్టిన సొమ్ము అందకపోతే, కట్టిన రోజు నుంచి 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. అంటే నిబంధనల ప్రకారం మన తక్షణానికి ఐదు రోజుల గడువుంది. మనుషుల ఏడాది దేవతలకు ఒక రోజని పురాణాలు లెక్క తేల్చాయి. బ్యాంకుల పంచాంగం ఎవరైనా రాసిపెడితే బాగుండును.

బ్యాంకుల్ని తిట్టి లాభం లేదు, ఈ చిక్కు వాళ్లు పుట్టించింది కాదు. 1975లోనే అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు దీన్ని ఒక చిన్న కథలో పెట్టి చూపించారు. వాళ్ల కథలో దొంగల ముఠాలుండేవి. 1978లో జిమ్ గ్రే వాళ్లకు పదోన్నతి ఇచ్చి సేనాధిపతుల్ని చేశాడు. రెండు కొండల మీద ఇద్దరు సేనాధిపతులు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. వార్త పంపాలంటే దూత లోయ దాటాలి, దారిలో దొరికిపోవచ్చు. ‘తెల్లవారుజామున దాడి’ అని మొదటివాడు కబురు పంపాడు. అది చేరిందని అతనికి తెలిసేదెలా? రెండోవాడు ‘అందింది’ అని తిరుగు కబురు పంపాలి. ఆ తిరుగు కబురు చేరిందని రెండోవాడికి తెలిసేదెలా? ‘అందింది’ అన్న మాట అందిందని ఇంకో దూత వెళ్లాలి. ఎన్ని వందలమంది దూతల్ని పంపినా ఆఖరివాడు చేరాడో లేదో తెలియదు. దీనికి పరిష్కారం ఇంకా దొరకలేదని అనుకునేరు. పరిష్కారం లేదని గణితం రుజువు చేసేసింది. కొట్టువాడూ కొన్నవాడూ ఆ ఇద్దరు సేనాధిపతులే. అర్ధశతాబ్దం కిందట అసాధ్యమని తేలిపోయినదాన్ని ఇవాళ మన మార్కెటింగ్ విభాగం క్యాష్‌బ్యాక్‌తో కలిపి అమ్ముతోంది.

శాస్త్రం చేతులెత్తేసిన చోట ఇంజనీరు ఒక ఉపాయం పట్టాడు. జవాబు రాకపోతే మళ్లీ పంపు. అప్పటికీ రాకపోతే మళ్లీ పంపు. చెడిపోతే దానంతట అదే బాగుపడేలా ఏర్పాటు చెయ్యి. పక్కనొక కాపలాదారుని పెట్టు. ఉపాయం మంచిదే, ఇది లేకుండా ఏ నెట్‌వర్కూ ఒక పూట గడవదు. కానీ పెద్ద పెద్ద నెట్‌వర్కుల మరణ ధ్రువపత్రాలు తిరగేసి చూడండి. రోగం పేరు రాయాల్సిన గడిలో తరచూ మందు పేరే కనబడుతుంది.

తొలి పత్రం 1986 అక్టోబరుది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకీ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు పారాల్సిన లింకు ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. వేలల్లోంచి వందల్లోకి కూడా కాదు, ఏకంగా పదుల్లోకి. ఒక పేజీ సమాచారం, రెండు వేల అక్షరాలనుకోండి, అవతలికి చేరడానికి ఆరున్నర నిమిషాలకు పైనే పడుతుంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని నడిచి వెళ్లినవాడు ఈలోగా దాన్ని ఇచ్చేసి, కాఫీకి కూర్చుంటాడు. కేబులు తెగలేదు, యంత్రం కాలలేదు. రద్దీలో జవాబు ఆలస్యమైంది. కంప్యూటర్లన్నీ ‘పోయిందేమో’ అని భయపడి పంపిందే మళ్లీ పంపాయి. దాంతో రద్దీ పెరిగి, ఇంకా ఆలస్యమైంది. ఇంకా ఆలస్యమైతే ఇంకాస్త భయం, ఇంకాసిని కాపీలు. దీనికి వాన్ జాకబ్సన్ 1988లో రాసిన విరుగుడులో పెద్ద రహస్యమేమీ లేదు: నెమ్మదిగా మొదలుపెట్టు, అవతల రద్దీగా ఉందని అనుమానం వస్తే తగ్గు. ప్రపంచ ఇంటర్నెట్ ఇవాళ్టికీ నిలబడి ఉందంటే ఆ కాస్త మర్యాద పుణ్యమే.

మర్యాద 1988 నాటిది. మనం 2025కి వద్దాం. ఆ ఏడాది మార్చి 26న ఒకసారి, ఏప్రిల్ 2న ఇంకోసారి, 12న మరోసారి యూపీఐ చతికిలబడింది. ఏప్రిల్ 12 నాటి పంచనామాలో తేలిందేమిటయ్యా అంటే, కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ‘ఆ లావాదేవీ ఏమైంది? ఆ లావాదేవీ ఏమైంది?’ అని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తలుపు అదే పనిగా బాదాయట. పాత లావాదేవీల గురించి కూడా. డబ్బు చేరిందా అని అడిగేవాళ్ల తోపులాటలో చేరాల్సిన డబ్బు నలిగిపోయింది. ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి. మొదటిసారి అడగడానికి కనీసం 90 సెకన్లు ఆగాలి. 2 గంటల్లో 3 సార్లకు మించి అడగకూడదు. ఆగస్టు 1 నుంచి బ్యాలెన్సు చూసుకోవడానికీ హద్దు పెట్టారు, ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లు. నెలకోసారి పడే జీతాన్ని రోజుకు 50 సార్లు చూసుకోవచ్చన్నమాట. ప్రజాస్వామ్యంలో ఆశకు కూడా కోటా ఉండాలి కదా! జాకబ్సన్ 400 గజాల తీగ మీద నేర్చుకున్న పాఠాన్ని దేశం మొత్తం తీగ మీద మళ్లీ నేర్చుకోవడానికి మనకు 37 ఏళ్లు పట్టింది. ఫీజు మాత్రం కిరాణా కొట్టు ముందు నిలబడినవాడే కట్టాడు.

బాగుపడ్డానని చెప్పుకోవడం కూడా ప్రాణాంతకమే. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరవాణి నెట్‌వర్కు 9 గంటలపాటు కూలింది. న్యూయార్కులో ఒక స్విచ్చికి చిన్న ఇబ్బంది వచ్చింది. అది పద్ధతి ప్రకారం నాలుగైదు సెకన్లు పక్కకు తప్పుకుని, సర్దుకుని, ‘నేను మళ్లీ పనిలో ఉన్నాను’ అని ఇరుగుపొరుగు స్విచ్చులకు కబురు పెట్టింది. ఆ శుభవార్తను రాసుకుంటున్న క్షణంలోనే ఇంకో కబురు తగిలేసరికి పక్క స్విచ్చి కళ్లు తిరిగి పడిపోయింది. అదీ పద్ధతి ప్రకారం లేచి తన చుట్టాలందరికీ తన శుభవార్త పంపింది. ఇలా 114 స్విచ్చులు ఒకదాన్నొకటి పరామర్శించుకుంటూ పడగొట్టుకున్నాయి. కారణం, అంతకు నెల ముందే ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేరులో ఉండకూడని చోట ఉన్న ఒకే ఒక ‘బ్రేక్’ ఆజ్ఞ. ఆ కొత్త సాఫ్ట్‌వేరు ఎందుకు ఎక్కించారంటారా? స్విచ్చులు చెడిపోతే మరింత త్వరగా కోలుకోవడానికి.

ఇక కాపలాదారుల సంగతి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు 6 గంటలపాటు ప్రపంచ పటం మీంచి మాయమయ్యాయి. మరమ్మతు పనిలో ఎవరో ఇచ్చిన ఒక ఆజ్ఞ వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముకను విరిచేసింది. అలాంటి ప్రమాదకరమైన ఆజ్ఞల్ని ఆపడానికి ఒక తనిఖీ పరికరం ఉంది. దానిలోనే లోపం ఉండటంతో అది కళ్లు మూసుకుని ‘పో నాయనా’ అంది. కంచే చేను మేసింది. తర్వాత వంతు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లది. ‘డేటా సెంటరుతో సంబంధం తెగితే నేను రోగిష్టిని, నా దగ్గరికి ఎవరూ రాకూడదు’ అని వాటికి ముందే నేర్పి పెట్టారు. సంబంధం తెగింది. అన్నీ ఒక్కసారే రోగిష్టులై తమ ఉనికిని తామే చెరిపేసుకున్నాయి. బాగుచేయడానికి వెళ్లాల్సిన ఇంజనీర్లు వాడే లోపలి పనిముట్లు కూడా అదే నెట్‌వర్కు మీద ఉన్నాయి. నేరుగా వెళ్లి యంత్రాలను ముట్టుకుందామంటే, బయటివాళ్లు సులువుగా ముట్టుకోకుండా కట్టిన భవనాలవి. భద్రత అంత పకడ్బందీగా ఉంది మరి!

2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ వంతు వచ్చింది. చిరునామాల పట్టికను తాజాగా ఉంచడానికి పెట్టిన ఆటోమేటిక్ యంత్రాంగంలో రెండు భాగాలు ఒకే పనికి పోటీపడ్డాయి. ఆ పోటీలో ఒక ముఖ్యమైన డేటాబేసు చిరునామా ఖాళీ అయిపోయింది. డేటాబేసు క్షేమంగానే ఉంది, అది ఎక్కడుందో చెప్పే మనిషే లేడు. ఆ దెబ్బకు అమెరికాలో కొందరి ఇంటర్నెట్‌తో నడిచే పరుపులు వేడెక్కిపోయి, ఇంకొందరివి ఎత్తిన తల దించనని మొండికేశాయి. వర్జీనియాలో ఒక పట్టికలో గడి ఖాళీ అయితే మన వీపు కాలే రోజులొచ్చాయి. నులకమంచం మీద పడుకునేవాడికి సర్వర్ డౌన్ అయ్యే బాధ లేదు, ఉన్నది నల్లుల బాధే.

‘మాకు రెండో దారి ఉందండీ’ అంటారు ఈ మాట ఎత్తగానే. ఉంది, పాపం. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజికి రెండు టెలికం కంపెనీల లింకులున్నాయి. ఒకడు పడితే రెండోవాడు ఆదుకుంటాడని ఏర్పాటు. ఇద్దరూ పడ్డారు. ఉదయం 11.40కి ఆగిన వ్యాపారం మధ్యాహ్నం 3.45కి గానీ మళ్లీ మొదలవలేదు. ఆ దారి పొడవునా జరుగుతున్న తవ్వకాలూ నిర్మాణ పనులే ప్రధాన కారణమని ఎక్స్ఛేంజీయే తర్వాత చెప్పింది. కంపెనీలు వేరు, బిల్లులు వేరు, సంతకాలు వేరు. గడ్డపార దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకటే. మన రోడ్ల సంగతి తెలిసినవాడెవడూ దీనికి ఆశ్చర్యపోడు. నీళ్ల పైపు వాళ్లు పూడ్చిన మర్నాడు కరెంటు వాళ్లు తవ్వే దేశంలో రెండు కేబుళ్లు వేరు వేరు గోతుల్లో ఉండాలని కోరుకోవడమే అత్యాశ. ఇంకా మనమే నయం. 2011 మార్చిలో జార్జియాలో 75 ఏళ్ల అవ్వ ఒకామె రాగితీగ దొరుకుతుందని పార పట్టుకుని తవ్వితే పొరుగు దేశం ఆర్మేనియాలో చాలా భాగం గంటల తరబడి ఇంటర్నెట్ లేకుండా కూర్చుంది. ఆ దేశం ప్రణాళికలో క్షిపణుల సంగతి రాసుకున్నారేమో గానీ అవ్వ సంగతి మరిచారు.

ఇంట్లో జరిగేది కూడా ఇదే నాటకం, చిన్న రంగస్థలం మీద. సమాచారపు ప్యాకెట్లు రాలిపోతున్నాయని మొత్తుకుంటే కంపెనీలు రూటర్లలో, మోడెముల్లో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్ల గోదాములు పెట్టాయి. మెమరీ చవకైంది, గోదాములు పెరిగాయి. ఒక్క ప్యాకెట్టూ రాలదు, అన్నీ వరుసలో భద్రంగా నిలబడతాయి. పిల్లాడు పెద్ద వీడియో ఎక్కిస్తుంటాడు. డాలస్‌లో ఉన్న కూతురితో తల్లి మాట్లాడే మాట ఆ వీడియో మూటల వెనక నిలబడి వంతు కోసం ఎదురుచూస్తుంది. ‘అమ్మా, వినబడుతోందా?’ అంటుంది కూతురు. రెండు సెకన్ల తర్వాత చేరిన తల్లి పలకరింపును యాప్ చెత్తబుట్టలో వేస్తుంది. మాటల్లో ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్టుకూ, అసలు రాని ప్యాకెట్టుకూ తేడా లేదు. ప్యాకెట్టు పోకుండా కాపాడటానికి పెట్టిన గోదామే దాన్ని పనికిరాకుండా చేసింది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు సొంత ఇంట్లో నెట్ ఎందుకు ఈడ్చుకుంటోందా అని తవ్వి దీన్ని బయటపెట్టి, ‘బఫర్‌బ్లోట్’ అని నామకరణం చేశాడు. మన కస్టమర్ కేరు మాత్రం ఇవాళ్టికీ ఒకటే మంత్రం చెబుతుంది: ‘సార్, ఇంకా పెద్ద ప్లాను తీసుకోండి.’

పెద్ద ప్లాను వేగం పెంచుతుంది గానీ దూరం తగ్గించదు. గాజుతీగలో కాంతి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. హైదరాబాదు నుంచి న్యూయార్కుకు ఎంత తిన్నగా తీగ లాగినా పోను రాను సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యం తప్పదు. అసలు తీగలు సముద్రాల్లో వంకర్లు తిరుగుతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ‘జీరో లేటెన్సీ’ అని ప్రకటన వేసేవాడు ఐన్‌స్టీన్‌కి నోటీసు పంపాల్సి ఉంటుంది.

ఇక ‘99.9 శాతం నమ్మకం’ గురించి. ఆ మిగిలిన పదో వంతు శాతం ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు. ఏ 8 గంటలో ఒప్పందంలో రాయరు. అర్ధరాత్రి ఊరు నిద్రపోతున్నప్పుడూ కావచ్చు, పదో తరగతి ఫలితాల రోజూ కావచ్చు, ఉదయం 10 గంటలకు తత్కాల్ తెరుచుకునే నిమిషమూ కావచ్చు. అందరూ ఒక్కసారి మీద పడినప్పుడే నెట్‌వర్కు కూలుతుంది కాబట్టి ఆ 8 గంటలు సాధారణంగా మనకు అవసరమైనవే అయి ఉంటాయి. సగటు లెక్కలో అంతా బాగుంటుంది. తత్కాల్ టికెట్టు దొరకనివాడు సగటున ప్రయాణం చేసినట్టే.

అయితే కచ్చితమైన నెట్‌వర్కు కట్టడం మనిషికి చేతకాదా? భేషుగ్గా చేతనవును. ఎయిర్‌బస్ ఏ380 కడుపులో ఒక నెట్‌వర్కుంది. ప్రతి సందేశమూ రెండు వేరు వేరు దారుల్లో రెండు కాపీలుగా వెళుతుంది, ముందొచ్చినది తీసుకుంటారు. ఎవరు ఎంత పంపాలో ముందే కొలిచి పెడతారు, తోపులాటకు తావే ఉండదు. అతి చెడ్డ పరిస్థితిలో ఎంత ఆలస్యమవుతుందో కాగితం మీద లెక్కకట్టి చూపాకే విమానం లేస్తుంది. సగటు గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. రైల్వే భద్రతదీ అదే నీతి: మాట వినబడలేదంటే అర్థం ‘పర్లేదు పో’ అని కాదు, ‘ఆగు’ అని. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే గడ్డ మీద పరీక్షించి, అక్కడే 1,465 కిలోమీటర్ల మేర మొదట పెట్టిన ‘కవచ్’ అలాంటి ఆలోచనలోంచి పుట్టిందే. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే రేడియో మాట విని బ్రేకు అదే పడుతుంది. మరి 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక రైలు ఇంకో రైలును వెనక నుంచి గుద్దిన దారిలో ఆ కవచ్ లేదు. విద్య ఉంది, పనిముట్టు ఉంది, ఆ దారికి వంతు రాలేదు.

ఇంటర్నెట్‌లోనూ ముందుగా దారి రిజర్వు చేసుకునే పద్ధతి 1997లోనే రాసిపెట్టారు. దానికి ఆర్ఎస్‌వీపీ అని పేరు. బహిరంగ ఇంటర్నెట్‌లో అది ఎక్కడా నిలదొక్కుకోలేదు. మన మాట అవతలికి చేరేలోగా ఎన్నో కంపెనీల తీగలు దాటాలి. ఒక కంపెనీ ఇచ్చిన హామీకి ఇంకో కంపెనీ ఎందుకు పూచీ పడుతుంది? ఆ పూచీకి డబ్బెవరు కడతారు? కాబట్టి అందరూ కలిసి ‘మా వంతు ప్రయత్నం చేస్తాం’ అని ఒప్పుకున్నారు. తెగితే తప్పు పక్కవాడిది. తిలాపాపం తలా పిడికెడు, బిల్లు మాత్రం ఒక్కడికే.

కాబట్టి అయ్యా, తక్షణం అమ్మే పెద్దలారా, ఇకపై హోర్డింగు మీద హీరో నవ్వు పక్కనే గత నెలలో మీ నెట్‌వర్కు గడిపిన అతి చెడ్డ గంటను అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయండి. సిగరెట్ పెట్టె మీద రోగం బొమ్మ వేసుకోగా లేనిది మీకేం నామోషీ? చక్రం తిప్పడం మానేసి, ‘డబ్బు చేరిందో లేదో మాకింకా తెలియదు, దయచేసి మళ్లీ నొక్కకండి’ అని తెర మీద రాసే ధైర్యం చేయండి. గణితానికే తెలియనిది మీకు తెలియదంటే పరువేమీ పోదు. రెండో దారి ఉందంటారా? ఏడాదికోసారి, మార్కెట్ నడుస్తున్న వేళ, నలుగురి ముందు మొదటి కేబులు పీకి చూపించండి. రెండోది కూడా అదే గోతిలో ఉంటే గడ్డపార కన్నా ముందు మీకే తెలుస్తుంది.

ఇవన్నీ కుదరవంటారని తెలుసు, ఖర్చెక్కువంటారు. అయితే ఖర్చులేని ఉపాయం ఒకటుంది. విమానం నెట్‌వర్కు అంత శ్రద్ధగా ఉండటానికి ఒక కారణం పైలటు కూడా అదే విమానంలో కూర్చోవడం. మీరూ కూర్చోండి. ఎండీ గారి ఏడాది బోనసును, సరిగ్గా నెట్‌వర్కు కుప్పకూలిన నిమిషంలో, ఆ నెట్‌వర్కు మీదే, ఒకే ఒక్కసారి పంపాలి. రెండోసారి పంపడం నిషిద్ధం. అది చేరిందో లేదో ఆయన కనుక్కోవాలనుకుంటే 90 సెకన్లు ఆగి, 2 గంటల్లో 3 సార్లు మాత్రమే అడగాలి. అంతకు మించి అడిగితే సర్వర్ పడిపోతుంది.